శిబిరం నుండి ఇంటికి ఒక ఉత్తరం
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బయి అయిదేండ్ల పాఠశాల పండుగనాడు యుద్ధం మాట ఎందుకని కొందరికి తోచవచ్చు. నేటి విషయం యుద్ధం కాదు. యుద్ధశిబిరంలో కూర్చుని ఒక సైనికుడు ఇంటికి రాసిన ఉత్తరం. ఉత్తరం రాయడం నేర్పేది బడి. కనుక ఇది బడికి సంబంధించిన కథే.

1861 ఏప్రిల్ నుండి 1865 వరకు అమెరికాలో ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం సాగింది. బానిసత్వమే ఆ కలహానికి మూలం. సప్తసముద్రాల ఆవల జరిగిన ఆ పోరుకు, ప్రాణహిత ఒడ్డున ఉన్న సిరొంచకు సంబంధం లేకపోలేదు. 1860లో గోదావరి ఎడమ ఒడ్డు ప్రాంతం నిజాము నుండి ఆంగ్లేయుల వశమైంది. సిరొంచ ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణమయింది. ఆనాడు ఇంగ్లండు మిల్లులు వాడే పత్తిలో సుమారు నాలుగింట మూడు వంతులు అమెరికా నుండి వచ్చేది. యుద్ధంతో ఆ పత్తి రాక స్తంభించింది. బేరారు, నాగపూరు ప్రాంతాల పత్తిని ప్రాణహిత, గోదావరుల మీదుగా పడవలలో సముద్రతీరానికి చేర్చాలన్న ఆలోచన అంతకు ముందే ఉన్నా, దానికి అప్పుడు బలం చేకూరింది. దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి, దేవలమర్రి వద్ద నదికి అడ్డుగా ఉన్న రాతి వరుసలను దాటించే పనులు తలపెట్టారు. యుద్ధం ముగిసింది, పత్తి ధర పడిపోయింది. 1871లో ఆ పనులు మానివేశారు. 1874లో ఆ జిల్లాయే రద్దయింది. పత్తి కొరకు సిరొంచ వైపు చూసిన ప్రపంచం పత్తి తీరగానే చూపు మరల్చుకున్నది.

ఆ యుద్ధంలో సైనికులు లెక్కకు మించి ఉత్తరాలు రాశారు. చేతిలో తపాలా బిళ్ళకు డబ్బు లేకపోయినా ఉత్తరం ఆగకుండా 1861 జులైలో అక్కడి ప్రభుత్వం ఒక ఏర్పాటు చేసింది. కవరు మీద సైనికుని ఉత్తరమని గుర్తు పెట్టి అధికారి సంతకం చేస్తే చాలు, ఇంటివారు అందుకొనేటప్పుడు మూడు సెంట్లు చెల్లించేవారు. తరువాతి కాలపు యుద్ధాలలో వలె ప్రతి ఉత్తరాన్నీ విప్పి చదివే అధికారులు అప్పుడు లేరు. అందుచేత మనసులోని మాట యథాతథంగా కాగితం మీదకు వచ్చింది. వాన, బురద, జ్వరం, అందని జీతం, ఇంటి వద్ద పంట, పిల్లల చదువు. ఆ ఉత్తరాల నిండా ఇవే.

వాటిలో ఒకటి స్పాట్స్‌వుడ్ రైస్ అనే నల్లజాతి సైనికునిది. ఈయన మిస్సోరీ రాష్ట్రంలో పొగాకు తోటలో బానిస. నల్లవారికి చదువు చెప్పడమే నేరమని 1847లో ఆ రాష్ట్రం చట్టం చేసింది. అయినా ఈయన యజమాని కుమారుని వద్ద అక్షరాలు నేర్చుకున్నాడని అనంతరకాలంలో ఆయన కుమార్తె చెప్పింది. 1864 ఫిబ్రవరిలో ఈయన సైన్యంలో చేరాడు. కుమార్తెలు మాత్రం గ్లాస్గో అనే ఊళ్ళో బానిసత్వంలోనే ఉండిపోయారు. వారిలో ఒకరు కిట్టీ డిగ్స్ అనే యజమానురాలి అధీనంలో ఉండేది.

1864 సెప్టెంబరులో సెయింట్ లూయిస్ నగరంలోని బెంటన్ శిబిరపు ఆసుపత్రి నుండి ఆయన రెండు ఉత్తరాలు రాశాడు. మొదటిది బిడ్డలకు. మిమ్మల్ని మరచిపోలేదు, దిగులు పడకండి, ప్రాణం పణంగా పెట్టి అయినా మిమ్మల్ని తెచ్చుకుంటాను, సైన్యంతో నేను వస్తున్నాను అన్నది దాని సారాంశం. రెండవది యజమానురాలికి. తన బిడ్డను తాను దొంగిలించ జూశాడని ఆమె నింద వేసిందట. ఆ బిడ్డ దేవుడు తనకిచ్చిన బిడ్డ అనీ, తన బిడ్డపై తనకు గల హక్కు ముందు ఆమె హక్కు ఎంతటిదో త్వరలో తేలుతుందనీ ఆయన నిర్భయంగా రాశాడు. ఏడాది క్రితం వరకు ఆ మాట పైకి అంటే ఒంటిపై కొరడా పడేది.

ఆ ఉత్తరాలలో వర్ణక్రమ దోషాలు అనేకం. వాక్యానికీ వాక్యానికీ నడుమ చుక్క లేదు. అయినా ఎర్ర సిరా పట్టిన ఏ ఉపాధ్యాయుని చేయీ ఆ కాగితం మీద సాగదు. తండ్రి గొంతు అందులో అంత స్పష్టంగా వినిపిస్తుంది.

ఆ ఉత్తరాలు నేటికి నిలవడం మరొక విచిత్రం. యజమానురాలి సోదరుడు ఆ ఊరి పోస్టుమాస్టరు. అతడు ఆ రెండింటినీ జత చేసి, ఇటువంటి వానిని రాష్ట్రంలో ఉండనీయరాదని సేనాధిపతికి ఫిర్యాదు పంపాడు. ఆ ఫిర్యాదు కట్టలోనే అవి భద్రంగా ఉండిపోయాయి. నోరు మూయించబోయిన చేయే ఆ మాటను చరిత్రకు అప్పగించింది. యుద్ధం ముగిసిన పిదప ఆ కుటుంబం సెయింట్ లూయిస్‌లో ఒక్కచోట చేరింది. 1937లో, ఎనభై అయిదేండ్ల వయసులో, కుమార్తె మేరీ తన తండ్రి కథను అక్షరబద్ధం చేయించింది.

రైస్‌కు అక్షరం వచ్చు. రాని వారి సంగతేమిటి? వారి మాట వేరొకరి చేతి మీదుగా వెళ్ళవలసిందే. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సుకు వెళ్ళిన భారతీయ సైనికులలో అనేకులు లేఖరుల చేత ఉత్తరాలు రాయించుకున్నారు. ఇంటి వద్ద వాటిని చదివి వినిపించేందుకు ఇంకొకరు కావలసి వచ్చింది. నడుమ ప్రభుత్వ పరిశీలకులు ఉండేవారు. భార్యాభర్తల మాట ఇన్ని చెవులు దాటి చేరవలసి వచ్చేది. సిగ్గు వలన కొంత, భయం వలన కొంత దారిలోనే రాలిపోయేది. మన పల్లెలలోనూ పోస్టుమాను చేత ఉత్తరం చదివించుకున్న తరాలు ఉన్నాయి. ఆ తల్లులకు ఈ బాధ తెలుసు.

మిస్సోరీ నల్లజాతి సైనికులు ఈ బాధను శిబిరంలోనే తీర్చుకోబూనారు. వారి 62వ పదాతి దళంలో 1864లో ఒక ఉత్తర్వు వెలువడింది. పేకాడుతూ పట్టుబడిన సైనికుడు శిబిరంలో అందరికీ కనబడే చోట పుస్తకం పట్టుకొని నిలబడి పాఠం నేర్వవలెను. మరుసటి సంవత్సరం బాగా రాయడం నేర్చిన సార్జెంటుకు బంగారు కలం బహుమానమని ప్రకటించారు. యుద్ధానంతరం ఇండ్లకు వెళ్ళే ముందు ఆ సైనికులు తమ జీతాల నుండి సుమారు 5,000 డాలర్లు చందా వేసుకున్నారు. 65వ దళం వారు మరికొంత చేర్చారు. నల్లవారి జీతం తొలుత నెలకు 10 డాలర్లు, అందులో 3 దుస్తులకు కోత. తెల్లవారికి 13. ఆ వ్యత్యాసాన్ని చట్టం సరిచేసింది 1864 జూన్‌లో మాత్రమే. అటువంటి జీతంలో నుండి వచ్చిన సొమ్ము అది. దానితో 1866 సెప్టెంబరు 17న జెఫర్సన్ సిటీలో లింకన్ విద్యాలయం వెలిసింది. అది నేడు విశ్వవిద్యాలయం. శిబిరంలో దిద్దిన అక్షరం బడిగా మారింది.

ఇక మన మాట. సిరొంచ ప్రాంతపు బిడ్డకు ఇంట్లో తెలుగు, కచేరీలో మరాఠీ, ఇరుగుపొరుగు ఊళ్ళలో మాడియా, గోండీ వినిపిస్తాయి. ఇన్ని భాషలు రావడం సంపదే. అయితే అర్జీ మరాఠీలో రాయగలిగి, అమ్మకు తెలుగులో నాలుగు వాక్యాలు రాయలేకపోతే ఆ సంపదకు పునాది లేనట్లే. రాష్ట్రపు పొలిమేరలో తెలుగు మాధ్యమం బడి ఎందుకని అడిగేవారికి జవాబు ఇదే. మనసులోని మాటను మరొకరి చేతికివ్వకుండా తానే రాసుకోవడానికి. ఫోనులో మాట్లాడిన మాట ఆ పూటతో పోతుంది. మేరీ తండ్రి మాట నూట అరవై ఏండ్లు దాటి నిలిచింది.

తల్లిదండ్రులకు ఒక మనవి. నెలకొక్కసారి అయినా బిడ్డ చేత తాతకో, మేనత్తకో తెలుగులో ఉత్తరం రాయించండి. తప్పులుంటే ఉండనివ్వండి. దిద్దడానికి బడి ఉంది. పూర్వ విద్యార్థులకు మరొక మనవి. ఇండ్లలో పెట్టె అడుగున ఉన్న పాత ఇన్లాండు లెటర్లను, కార్డులను చెదలకు వదలకండి. ఈ ఊరి చరిత్ర వాటిలో ఉంది. పత్తి కొరకు వచ్చిన వారు పత్తి తీరగానే వెళ్ళిపోయారు. అక్షరం కొరకు వచ్చిన వారు డెబ్బయి అయిదేండ్ల తరువాత కూడా ఇక్కడికే తిరిగి వచ్చారు. ఈ సభయే అందుకు సాక్షి.