చదువుకాలపు పొదుపు: చెన్నైలోని తెలుగు విద్యార్థి



చదువు నిమిత్తం తెలుగు పిల్లలు చెన్నై చేరడం క్రొత్త కాదు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వెలసే వరకు పట్టభద్రుడు కాదలచిన ఆంధ్ర విద్యార్థికి మద్రాసు విశ్వవిద్యాలయపు పట్టమే దిక్కు. పై చదువుల కోసం ఎందరో ఈ నగరానికి వచ్చారు. నాటి తెలుగు నేలపై పేద విద్యార్థి వారాలు చేసుకొని చదివేవాడు. సోమవారం ఒకరి ఇంట, మంగళవారం మరొకరి ఇంట భోజనం. ఆ ఏర్పాటులో చిన్నతనం కొంత ఉన్నది, అది అన్ని కులాల పిల్లలకు అందినదీ కాదు. అయినప్పటికీ, ముందు కడుపు, తరువాత పుస్తకం అన్న ఇంగితం అందులో ఉన్నది. 1920లో తెలుగు కుటుంబానికి చెందిన పిట్టి త్యాగరాయ చెట్టి అధ్యక్షులుగా ఉండగా, మద్రాసు కార్పొరేషన్ థౌజండ్ లైట్స్ పాఠశాలలో పిల్లవానికి రోజుకు ఒక అణా మించని ఖర్చుతో ఫలహారం పెట్టడానికి పూనుకొన్నది. అదే ఇంగితం అక్కడ పురపాలక తీర్మానమైనది.

నేటి విద్యార్థి పొదుపు దీనికి తలక్రిందులుగా నడుస్తున్నది. నెల మొదట ఇంటి నుండి వచ్చిన సొమ్ము మూడవ వారానికి పలుచబడుతుంది. అప్పుడు మొట్టమొదట తెగేది ఉదయపు టిఫిను. ఆ మిగులు పదకొండు గంటలకు టీకి, సమోసాకు సగం పోతుంది. తక్కినది నీరసానికో జ్వరానికో పోతుంది. ఇంకొందరు ఫోనులో అప్పులిచ్చే యాప్ తెరుస్తారు. రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం ఇటువంటి అప్పును నిర్ణీత స్వల్ప గడువులోగా, వాడుకొన్న రోజుల ఖర్చుతో, జరిమానా లేకుండా తిరిగి చెల్లించి బయటపడవచ్చు. ఈ సంగతి తెలిసిన విద్యార్థులు తక్కువ. అక్రమ యాప్‌ల వారు మోసం చేసినా, బెదిరించినా 1930 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు.

తిండి మానవలసిన అగత్యం ఈ నగరంలో లేదు. 2013లో చెన్నై నగరపాలక సంస్థ అమ్మ ఉణవగములను ప్రారంభించినది. రూపాయికి ఇడ్లీ, ఐదు రూపాయలకు సాంబారన్నం, మూడు రూపాయలకు పెరుగన్నం అన్న ధరలతో అవి పేరు పొందాయి. కూలివారితో, ఆటో డ్రైవర్లతో కలిసి వరుసలో నిలబడడం కళాశాల విద్యార్థికి నామోషీగా తోచవచ్చు. వారాలకు తిరిగిన తాతల మనుమలకు ఆ నామోషీ తగదు. హాస్టలు మెస్సు లేని వారికి నెలలో పది ఉదయాలు అక్కడ గడిచినా లెక్క మారుతుంది.

ప్రయాణపు ఖర్చులో చేజారుతున్న సొమ్ము ఇంకా ఎక్కువ. 2021 మే నుండి సాధారణ ఛార్జీ సిటీ బస్సులలో మహిళలకు ప్రయాణం ఉచితం, ఏ రాష్ట్రపు అమ్మాయి అయినా ఎక్కవచ్చు. సబర్బన్ రైలు సీజను టికెట్టు విద్యార్థికి సగం ధరకు లభిస్తుంది. అన్నింటికన్నా మరుగున పడినది ఊరి ప్రయాణం. సెలవులకు స్వస్థలం వెళ్ళే విద్యార్థికి రెండవ తరగతిలోను, స్లీపరులోను రైల్వే మూల ఛార్జీపై 50 శాతం రాయితీ ఉన్నది. షెడ్యూల్డు కులాల, తెగల విద్యార్థులకు అది 75 శాతం. దీనికి కళాశాల ప్రిన్సిపాల్ సంతకంతో రాయితీ ఫారము తీసుకొని రిజర్వేషన్ కౌంటరుకు వెళ్ళాలి. ఫోనులో టికెట్టు కొనే అలవాటు వల్ల పిల్లలు ఆ కౌంటరు ముఖమే చూడడం లేదు. సంక్రాంతికి ఆఖరి నిమిషంలో ప్రైవేటు బస్సు ఎక్కి, రాయితీ టికెట్టుకు ఎన్నో రెట్లు చెల్లించి ఊరు చేరుతున్నారు.

ఇలా మిగిలిన డబ్బు ఎక్కడ ఉండాలి? విద్యారుణం లేని విద్యార్థికి జవాబు సులభం. పోస్టాఫీసు పొదుపు ఖాతాలో 4 శాతం వడ్డీ వస్తుంది, బ్యాంకు రికరింగ్ డిపాజిట్‌లో అంతకు కొంత ఎక్కువ రావచ్చు. రుణం ఉన్నవారి సంగతి వేరు, అట్టివారు ఎందరో ఉన్నారు.

ఒక లెక్క చూడవచ్చు. నాలుగేళ్ళ చదువుకు ఏటా మొదట లక్ష చొప్పున నాలుగు లక్షలు విడుదలైనవి, వడ్డీ 10 శాతం. చదువుకాలంలో బ్యాంకు బారువడ్డీ మాత్రమే లెక్కిస్తుంది. మొదటి లక్షపై నాలుగేళ్ళకు 40 వేలు, తరువాతి వాటిపై 30, 20, 10 వేలు. చదువు ముగిసేనాటికి వడ్డీయే లక్ష. వాయిదాలు మొదలయ్యే ముందు ఇచ్చే ఒక సంవత్సరపు విరామానికి మరో 40 వేలు. ఒక్క వాయిదా కూడా కట్టకమునుపే అప్పు 5,40,000 అయి కూర్చుంటుంది. ఆ పైన వడ్డీకి వడ్డీ ఆరంభం.

మొదటి సంవత్సరంలో ఈ వడ్డీ నెలకు దాదాపు 833 రూపాయలు. టిఫిను మానకుండా, రాయితీలు వాడుకొని ఆ మొత్తంలో సగం మిగిల్చినా, దానిని 4 శాతపు ఖాతాలో ఉంచి 10 శాతపు అప్పు పెరగనివ్వడం నూటికి ఆరు రూపాయల నష్టం. చదువుకాలంలోనే వడ్డీ కట్టేవారికి పలు బ్యాంకులు ఒక శాతం తగ్గింపు కూడా ఇస్తాయి. కుటుంబ వార్షికాదాయం నాలుగున్నర లక్షల లోపు ఉండి, గుర్తింపు పొందిన సంస్థలో వృత్తి, సాంకేతిక విద్య చదివేవారికి ఈ కాలపు వడ్డీని కేంద్ర ప్రభుత్వమే భరించే పథకం ఉన్నది. అర్హత ఉన్నదీ లేనిదీ రుణమిచ్చిన శాఖలో ముందుగా అడిగి తెలుసుకోవాలి. ఉన్నట్లయితే మిగులును నిశ్చింతగా పొదుపు ఖాతాలోనే ఉంచుకోవచ్చు.

ఇక్కడ తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లలు దిగులుపడతారని చాలామంది ఆ కాగితాలను ఊరిలో బీరువాలో పెట్టి తాళం వేస్తారు. తన పేరిట ఎంత అప్పున్నదో తెలియని విద్యార్థి దేని కోసం పొదుపు చేయాలి? ఋణపత్రం నకలు ఒకటి విద్యార్థి వద్ద ఉండాలి. వడ్డీ రేటు ఎంత, విరామం ఏ నెలతో ముగుస్తుంది, ఇప్పటికి ఎంత విడుదలైనది అన్న మూడు వివరాలను దానిపై పెన్సిలుతో వ్రాసి, ప్రతి ఏడాది ఫీజు కట్టే సమయాన సరిచూసుకోవాలి.