మెలట్టూరు నేర్పే పాఠం

(ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



75 సంవత్సరాల పండుగనాడు పాఠశాల ఘనతను స్మరించుకొనుట సహజమే. ఆ పనిని పెద్దలు నాకంటె చక్కగా నిర్వహించియున్నారు. కనుక నేను తంజావూరు సీమలోని మెలట్టూరు అనే చిన్న ఊరిని గురించి, అచ్చట ఏటేటా జరిగే భాగవతమేళ ఉత్సవాన్ని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

తంజావూరు నేలిన అచ్యుతప్ప నాయకుడు 510 బ్రాహ్మణ కుటుంబాలకు ఇల్లు, భూమి, బావి ఇచ్చి ఆ ఊరిని నిలిపినాడని పరంపరగా చెప్పుకొంటారు. అచ్యుతపురమను పేరు అందువలననే కలిగినది. నాయకుల పిమ్మట మరాఠా ప్రభువుల కాలంలో, త్యాగరాజస్వామికి కొంచెం పెద్దవాడైన సమకాలికుడు వేంకటరామశాస్త్రి ఆ ఊరిలోనే ప్రహ్లాద చరిత్రము, ఉషా పరిణయము మొదలైన నాటకాలను తెలుగులో రచించినాడు.

వైశాఖ మాసంలో నృసింహ జయంతికి వరదరాజస్వామి సన్నిధి వీథిలో ప్రహ్లాద చరిత్రము ఆడతారు. ముందుగా కోణంగి వస్తాడు. పిదప వినాయకుని ముఖోటి ధరించిన బాలుడు వస్తాడు. ప్రతి పాత్రకు ప్రవేశ దరువు ఉంటుంది. లీలావతి మొదలైన స్త్రీ పాత్రలను పురుషులే ధరిస్తారు. నృసింహుని ముఖోటికి పూజ జరుగుతుంది. దానిని ధరించేవారు ఉపవాసముంటారు. రాత్రి మొదలైన నాటకం తెల్లవారేదాకా సాగుతుంది. అన్యత్ర ఉద్యోగాలు చేసుకొనేవారు సైతం సెలవు పెట్టుకొని వచ్చి తమ వంశానికి సంక్రమించిన వేషాన్ని కడతారు.

ఇది అవిచ్ఛిన్నంగా సాగిన వైభవమని భావించరాదు. 1855లో తంజావూరి మరాఠా రాజ్యం అంతరించినది, రాజాదరణ పోయినది. మధ్యమధ్య ప్రదర్శనలు కుంటుపడినవి. 19వ శతాబ్ది చివర నటేశయ్యరు వంటివారు తిరిగి నిలబెట్టినారు. తరువాతి కాలంలో ఇ. కృష్ణయ్యరు ఈ కళను లోకం దృష్టికి తెచ్చినారు. పోషించవలసిన రాజు లేనప్పుడు ఊరే పోషించినది.

మనం గమనించవలసిన విశేషం మరొకటి ఉన్నది. ఆ నటులలో పెక్కుమంది ఇంట మాట్లాడేది తమిళమే. తెలుగు లిపి రానివారు తమిళ లిపిలో వ్రాసుకొని వల్లె వేస్తారు. తమిళ లిపిలో క, ఖ, గ, ఘలకు ఒక్కటే అక్షరం. కాబట్టి కాగితం చాలదు. ఉచ్చారణ గురుముఖతః రావలసినదే. లిపి లేకున్నా గురువు నోట, శిష్యుని చెవిలో ఆ తెలుగు నిలిచినది.

మన పిల్లల స్థితి దీనికి సరిగా విలోమం. ఇంట అమ్మతో, అమ్మమ్మతో తెలుగు మాట్లాడతారు. తెలుగు పుస్తకం విప్పితే తడబడతారు. వారికి మాట ఉన్నది, లిపి జారిపోతున్నది. తమిళం మనకు అన్నం పెట్టిన నేల భాష. 2006 నాటి చట్టం వచ్చినా రాకపోయినా దానిని శ్రద్ధగా నేర్వవలసినదే. ఇంగ్లీషు బ్రతుకుతెరువుకు కావలసినదే. “మరి తెలుగెందుకమ్మా?” అని అడిగే తల్లిదండ్రులను నేను తప్పుపట్టను. ఆ ప్రశ్నకు మార్కుల లెక్కలో నావద్ద సమాధానం లేదు. అయితే, తెలుగు మాతృభాష కానివారు రెండు శతాబ్దాలకు పైగా కంఠస్థం చేసి కాపాడిన సాహిత్యాన్ని, తెలుగింటి బిడ్డ చదువలేకపోవుట మనకు సమ్మతమేనా? ఈ ప్రశ్నను మీ ముందుంచుతున్నాను.

ఈ సందర్భంలో నావి మూడు విన్నపాలు. తల్లిదండ్రులు ప్రతిరాత్రి పావుగంట బిడ్డచేత ఒక తెలుగు పుట బిగ్గరగా చదివించి వినండి. చదువురాని అవ్వ విన్నా చాలు, ఉచ్చారణ దిద్దగలదు. ఉపాధ్యాయులు వార్షికోత్సవంలో ఏటా ఒక తెలుగు నాటకాన్ని, సంభాషణలను పిల్లలచేతనే తెలుగు లిపిలో వ్రాయించి, ఆడించండి. పూర్వ విద్యార్థులు మీ ఇండ్ల అటకలమీది పాత పుస్తకాలను, పెద్దల నోటిలోని పాటలను మన గ్రంథాలయానికి చేర్చండి.

నృసింహ జయంతి వేసవి సెలవులలోనే వస్తుంది. వీలున్నవారు పిల్లలను ఒక్కసారి మెలట్టూరు తీసుకొనిపోండి. ఆ వీథిలో కూర్చుండి, తమిళ సోదరుల నోట తమ భాషను విన్న బిడ్డకు, తెలుగెందుకో మనం వేరుగా చెప్పవలసిన పని ఉండదు.