వార్ధక్యమున చూపు - వంశలక్షణము

ముదిమిలో చూపు మందగించుట సహజమని మనము సరిపెట్టుకొందుము. చత్వారమునకు కండ్లద్దములును, శుక్లములకు శస్త్రచికిత్సయు కలవు. వీనికంటె వేఱైన వ్యాధి యొకటి కలదు. కంటిలోపల నేత్రపటలమునకు నట్టనడుమ మాక్యులా యను చిన్న పచ్చని మచ్చ యున్నది. అక్షరము చదువుటకును, ముఖము గుర్తించుటకును అదియే యాధారము. వయస్సుతో నది శిథిలమైనచో చుట్టునున్న గోడలు కనబడును గాని, చూడగోరిన వస్తువే కనబడదు.

మా తల్లిగారికి ఈ వ్యాధి కలిగినది. గడపలు దాటి స్వయముగా నడచెడివారు. ఎదుట నిలిచిన కుమారుని మాత్రము కంఠస్వరముచేత గుర్తించెడివారు. “ఇది నీకును వచ్చునా, నాయనా?” అని వా రడిగిన ప్రశ్న అనేక గృహములలో వినబడునదే.

2005వ సంవత్సరమున మూడు పరిశోధక బృందములు ‘సైన్సు’ పత్రికయందు ఈ వ్యాధితో సంబంధముగల జన్యువు నొకదానిని ప్రకటించినవి. దానిపేరు సి.ఎఫ్.హెచ్. రక్తములో క్రిముల నెదిర్చు రక్షకదళము మన దేహముపైననే విరుచుకొని పడకుండ పగ్గము పట్టు మాంసకృత్తును ఈ జన్యువు నిర్మించును. ఆ మాంసకృత్తులో 402వ స్థానమున టైరోసినునకు బదులు హిస్టిడిను వచ్చినచో పగ్గము సడలును. ఆగమము మిత్రునివలె వచ్చి ప్రక్కన నిలుచును, ఆదేశము శత్రువువలె వచ్చి ఉన్నదానిని వెడలగొట్టునని వైయాకరణులందురు. ఇది యట్టి యాదేశమే. పదియవ క్రోమోజోమునందును ఇట్టి దోషస్థాన మింకొకటి కలదు.

తల్లియొద్దనున్న రెండు ప్రతులలో నొకటియే బిడ్డకు చేరును, తండ్రినుండియు నట్లే. కావున తోబుట్టువులందఱకు నొకేపాలు దక్కదు. దోషమున్న ప్రతులు రెండును చేరినవారికి వ్యాధిభయము, ఆ మూడింటిలో నొక పరిశోధన ననుసరించి, 7 రెట్లు దాటినది. అయినను అట్టివారిలో పలువురు తుదివఱకు చక్కగా చూచుచున్నారు. దోషము లేనివారిలో కొందఱు చూపు కోల్పోవుచున్నారు. ఒంటిచక్రముతో రథము నడువదు గదా! వంశ మొక చక్రము, నడవడి రెండవది. ఆ నడవడిలో మిక్కిలి కీడు చేయునది పొగత్రాగుట. జన్యువును మార్చుకొనుట మన చేతిలో లేదు. పొగ మానుట మన చేతిలోనిదే.

కావున తల్లిదండ్రులకుగాని తోబుట్టువులకుగాని ఈ వ్యాధి యున్నవారు, 50 ఏండ్లు దాటిన పిదప, నేత్రవైద్యునికి ఆ సంగతి ముందుగా చెప్పి, కనుపాప విప్పారుటకు మందువేయించుకొని లోపలి పటలమును పరీక్ష చేయించుకొనవలెను. ఇంటియొద్ద అప్పుడప్పుడు ఒక కన్ను మూసి, రెండవకంటితో ద్వారబంధపు నిలువుగీతను చూడవలెను. తిన్నని గీత వంకరగా తోచినచో, నడుమ చెరిగినట్లు కనబడినచో, ఆ వారమే వైద్యుని చేరవలెను. క్రొత్త రక్తనాళములు మొలిచి స్రవించు రకమునకు కంటిలో నిచ్చు సూదిమందులు నేడు కలవు. ఆలస్యమైన కొలది వాని ఫలము తగ్గును. వంశమున నున్నదని వగచి కూర్చుండుటకంటె, ఉన్నదని యెఱిగి ముందుగా చూపించుకొనుట మేలు.