పొరుగింటి ఆంప్లిఫయరు

హైదరాబాదులో 1935వ సంవత్సరమున దక్కన్ రేడియో ప్రారంభమైనపుడు దాని ప్రసారయంత్రపు శక్తి 200 వాట్లు. నేడు నల్లగొండలోనో, మహబూబ్‌నగర్‌లోనో ఒక ఇంటి ముందుగదిలో బల్లమీదనున్న స్టీరియో పవర్ ఆంప్లిఫయరు వెనుకభాగమున అదే అంకె కనిపించవచ్చును: ఒక్కొక్క వైపునకు 200 వాట్లు. ఆకాశమునకు తరంగములను పంపు వాట్లును, లౌడుస్పీకరును కదల్చు వాట్లును చేయు పని వేరు. ఐనను ఒక కుటుంబము తన సంగీతము కొరకు ఎంత శక్తిని కొని తెచ్చుకొనగలుగుచున్నదో ఊహించుటకు ఈ పోలిక చాలును. అట్టి యంత్రమును కొనినవారు దానిని గూర్చి ఏమనుచుందురు, ఆ మాటలను కొనదలచినవారు ఎట్లు వినవలెను అను విషయమును ఈ ప్రసంగములో ముచ్చటింతుము.

పవర్ ఆంప్లిఫయరు పని వినుటకు చిన్నదే. రేడియోనుండిగాని, రికార్డునుండిగాని వచ్చు సన్నని విద్యుత్సంకేతము లౌడుస్పీకరును కదల్చజాలదు. ఆ సంకేతము ఆకారమును చెడగొట్టక దానికి బలమును చేకూర్చుటయే ఈ యంత్రము ధర్మము. అది ఏమియు చేర్చరాదు, ఏమియు తీసివేయరాదు. 1927లో అమెరికాలో బెల్ ప్రయోగశాలల ఇంజనీరు హెరాల్డ్ బ్లాక్ దీనికి ఒక ఉపాయమును కనుగొన్నాడు. బయటకు వచ్చిన సంకేతములో కొంతభాగమును వెనుకకు మరల్చి, లోపలికి వచ్చు దానితో సరిపోల్చి, దోషమును తగ్గించుట ఆ ఉపాయము. 1947లో ఇంగ్లండులో విలియమ్సన్ అను ఇంజనీరు 'వైర్‌లెస్ వరల్డ్' పత్రికలో ప్రకటించిన వాల్వు ఆంప్లిఫయరు ఆ మార్గముననే నడచి, గృహములలో మేలైన ధ్వని వినుటకు త్రోవ చూపినది.

మేలుజాతి యంత్రములకు నేడు వెల లక్షలలో ఉన్నది. మన మెట్టప్రాంతములలో ఆ సొమ్ముతో ఒక బోరుబావి వేయించుకొనవచ్చును. ఈ రెండు కొనుగోళ్లకును మరియొక పోలిక కూడ కలదు. ఇచ్చట నేల అడుగున ఉన్నది గట్టిరాయి. నీరు ఆ రాతి పగుళ్లలో మాత్రమే నిలుచును. అందుచేత ఒక చేనిలో రెండు ఇంచుల నీరు పడగా, గట్టునకు ఆవలి చేనిలో దుమ్ము లేచుట కద్దు. పొరుగు రైతు అబద్ధమాడలేదు. అతని బోరులో నీరు నిజముగానే పడినది. కాని ఆ మాటను నమ్మి అప్పుచేసి రాతిని తొలిపించినవాని గతి ఏమి? ఆంప్లిఫయరు కొనినవారి మాటలను కూడ ఇట్లే వినవలెనని మా మనవి. వారు తమ ఇంట వినినదే చెప్పుచున్నారు. ఆ ఇల్లు, ఆ స్పీకర్లు, ఆ చెవులు వారివి.

యజమానులు తరచుగా చెప్పు మొదటి మాట: "కొత్త యంత్రములో ఇంతకుముందు వినబడని వాద్యములు వినబడుచున్నవి." ఇది సత్యమే కావచ్చును. కాని రెండు యంత్రములలో ఒకటి ఏ మాత్రము బిగ్గరగా పలికినను, మన చెవి దానిని బిగ్గరయని గుర్తింపక మేలైనదని గుర్తించును. కావున పోల్చి చూచునపుడు రెండింటి ధ్వనిని సమానము చేయవలెను. ఒకే స్థిరస్వరమును పలికించి, స్పీకరు తీగలవద్ద వోల్టు మీటరు పెట్టి, తేడా నూటికి రెండు పాళ్లకు మించకుండ సరిచేసినచో చాలును. ఈ చిన్న పని చేయక చెప్పిన తీర్పునకు విలువ తక్కువ.

రెండవ మాట: "ఎంత పెంచినను అలసట లేకుండ పలుకుచున్నది." ఈ మాటలో బలము ఉన్నది. సాధారణమైన ఇంటిలో నెమ్మదిగా పాట వినునపుడు స్పీకరునకు చేరునది అర వాటు కూడ ఉండదు. కాని సంగీతమున ఎగుడుదిగుడులు కలవు. డప్పుమీద పుల్ల పడిన క్షణమున ధ్వని సగటుకంటె 20 డెసిబెల్లు పైకి లేచినదనుకొందము. అనగా శక్తి నూరు రెట్లు కావలెను. అర వాటు చోట 50 వాట్లు. అంత నిలువలేని యంత్రము ఆ దెబ్బ శిఖరమును కత్తిరించును. అపుడు వినబడునది డప్పు కాదు, పగిలిన చప్పుడు. పెద్ద ఆంప్లిఫయరు సొమ్ము ఈ క్షణములకొరకే. ఐతే అంకెలను చూచి మోసపోరాదు. శక్తి రెండు రెట్లయినచో పెరుగునది మూడు డెసిబెల్లు మాత్రమే. చెవికి ధ్వని రెండింతలని తోచుటకు శక్తి సుమారు పది రెట్లు కావలెను. 100 వాట్ల యంత్రమును మార్చి 150 వాట్ల యంత్రమును తెచ్చినవారు వినగల లాభము స్వల్పము.

మూడవ మాట: "రాత్రి పదిగంటలు దాటిన పిదప దీని పలుకు వేరు, అపుడు కరెంటు బాగుండును." ఇందులో అనుభవము నిజమైనది, కారణము వేరు. 230 వోల్టులుండవలసిన కరెంటు సాయంకాలము 207కు దిగినదనుకొందము. సాధారణ నిర్మాణము గల యంత్రములో గరిష్ఠశక్తి నూటికి సుమారు 19 పాళ్లు తగ్గును. చెవికి అది ఒక్క డెసిబెల్ కూడ కాదు. మెల్లని పాటలో ఆ మాత్రపు తేడా కూడ ఉండదు. రాత్రివేళ మారునది ఇంటి నిశ్శబ్దము. వీధిలో ఆటోలు ఆగును, వంటింట మిక్సీ ఆగును, ప్రక్కయింటి టీవీ ఆగును. ఆ చప్పుళ్లక్రింద దాగిన సన్నని స్వరములు అపుడు బయటపడును.

ఇందుకు కిన్నెర మంచి సాక్షి. నాగర్‌కర్నూలు జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ పురస్కారము లభించినది. ఆయన వాయించు పండ్రెండు మెట్ల కిన్నెరకు సొరకాయ బుర్రలే అనునాదమిచ్చునవి. తీగ మీటిన పిదప స్వరము సన్నగిల్లి అణగిపోవు తీరు వినవలెనన్న ముందుగా ఇంటిలో పంకా ఆపవలెను. పంకా తిరుగుచుండగా లక్షల యంత్రమునకును వేల యంత్రమునకును అచ్చట భేదము తెలియదు.

నాలుగవ మాట: "వాల్వులలో వెచ్చదనము కలదు, ట్రాన్సిస్టర్లలో అది లేదు." ఈ వాదము చాలకాలముగా నడచుచున్నది. 1978లో ఇంగ్లండులో క్వాడ్ సంస్థవారి మూడు ఆంప్లిఫయర్లను, ఒకటి వాల్వులది, రెండు ట్రాన్సిస్టర్లవి, ధ్వని సమానము చేసి, ఏది పలుకుచున్నదో తెలియకుండ అనుభవజ్ఞులకు వినిపించిరి. వారు వానిని నమ్మదగినరీతిగా వేరుపరచి చెప్పలేకపోయిరి. 1985లో అమెరికాలో బాబ్ కార్వర్ అను ఇంజనీరు 'స్టీరియోఫైల్' పత్రికవారి యెదుట మరియొక పని చేసినాడు. వారికి నచ్చిన ఖరీదైన వాల్వు ఆంప్లిఫయరు నడవడిని తన ట్రాన్సిస్టరు యంత్రమునకు కొలది దినములలో నేర్పినాడు. తరువాత ఆ పత్రికవారికి భేదము దొరకలేదు. దీనినిబట్టి యంత్రములన్నియు ఒకటేయని చెప్పుట తొందరపాటు. మార్పు చేయకముందు రెండింటికి భేదము వినబడినది. ఆ భేదమునకు కారణము కొలవదగినది, మార్చదగినది అని మాత్రమే తేలినది. ముఖ్యముగా కొన్ని వాల్వు యంత్రములు స్పీకరు స్వభావమునుబట్టి తమ పలుకును మార్చుకొనును. కావున ఒకరి స్పీకరుతో మధురముగా పలికినది మన స్పీకరుతో అట్లే పలుకునని నియమము లేదు.

ఇక యజమానులు సాధారణముగా చెప్పని విషయము గది. మన జిల్లాల ఇండ్లలో క్రింద తాండూరు నాపరాయి, చుట్టు సున్నపు గోడ, పైన సిమెంటు కప్పు. వేసవికి ఇవి చల్లగా ఉండును గాని ధ్వనిని మ్రింగవు, తిప్పికొట్టును. నల్లగొండలో ఒక మిత్రుని యింట మేము పాత యంత్రమును, ఆయన కొత్తగా తెచ్చిన పెద్ద యంత్రమును ధ్వని సమానము చేసి వింటిమి. ఒకటే పాటను నాలుగు పర్యాయములు మార్చి మార్చి వినినను ఇంటివారు ఏకాభిప్రాయమునకు రాలేదు. పిదప పెట్టెలోనుండి రెండు గొంగళ్లు తీయించి, ఒకటి స్పీకర్ల ముందు బండమీద పరపించి, రెండవది వెనుకగోడకు వ్రేలాడదీయించితిమి. పాలమూరు ప్రాంతమున కురుమలు నేసిన మందమైన ఉన్ని గొంగళ్లవి. మిత్రుని తల్లి మంచముమీదనుండియే, "గిప్పుడు మాట తేటగ వినవడ్తాంది బిడ్డా" అన్నది. ఆమెకు ఏ యంత్రము పలుకుచున్నదో తెలియదు, తెలిసికొన గోరలేదు. పాటలోని మాట ఆమెకు అందినది. గొంగడి పై స్వరముల ప్రతిధ్వనిని తగ్గించునే గాని క్రింది స్వరముల గుబగుబను తగ్గింపదు. దానికి స్పీకర్లను గోడమూలలనుండి ముందుకు జరుపవలెను. ఈ రెండు పనులకును ఖర్చు లేదు.

ఇట్లనుటచేత యజమానుల అభిప్రాయములు నిష్ప్రయోజనమని కాదు. కొలమానములు చెప్పని సంగతులను వారే చెప్పగలరు. యంత్రము మూడేండ్లు నడచినదా? రాత్రి నిశ్శబ్దములో సన్నని గుర్రుమను శబ్దము చేయుచున్నదా? కరెంటు పోయి వచ్చినపుడు స్పీకరును ధనమని కొట్టుచున్నదా? చెడినచో హైదరాబాదులో బాగుచేయువారు కలరా, సముద్రములు దాటి పంపవలెనా? వేడి మాటేమి? క్లాస్ ఎ పద్ధతి యంత్రములు పాట ఉన్నను లేకున్నను కరెంటును త్రాగుచునే ఉండును. 200 వాట్లు తీసికొను యంత్రమును దినమునకు నాలుగు గంటలు నడిపినచో నెలకు 24 యూనిట్లు. ఎండ 40 డిగ్రీలు దాటు మే నెలలో తలుపులు మూసిన గదిలో అది ఒక కుంపటి. క్లాస్ డి పద్ధతి యంత్రములు ఇంత వేడెక్కవు. ఇట్టి సంగతులు కొని వాడినవారి నోటనే వినవలెను.

కావున ఎవరైన తమ ఆంప్లిఫయరును పొగడినపుడు నాలుగు ప్రశ్నలు వేయుడు. మీ స్పీకర్లు ఏవి? మీ గది ఎంత, నేలమీద ఏమి పరచినారు? పాత దానితో ధ్వని సమానము చేసి పోల్చితిరా? కొని ఎన్నాళ్లయినది? కొనిన వారములో చెప్పు మాటకును, రెండు వేసవులు గడచిన పిదప చెప్పు మాటకును చాల భేదముండును. సొమ్ము పెట్టిన మనస్సు తన నిర్ణయమును సమర్థించుకొనుట మానవస్వభావము.

సొమ్ము వెచ్చింపదలచినవారు ముందుగా గదిని సరిచేసికొనుడు; తరువాత స్పీకర్లను చూచుకొనుడు; ఆంప్లిఫయరును చివరకు ఉంచుకొనుడు. దుకాణదారు అంగీకరించినచో రెండు దినములకు యంత్రమును ఇంటికి తెచ్చుకొనుడు; అంగీకరింపనిచో మీ స్పీకర్లనే దుకాణమునకు తీసికొనిపొండు. ఒక డప్పు పాట, ఒక కిన్నెర పాట, మీ ఇంటివారు ఎరిగిన ఒక గాత్రము, ఈ మూడును వినుడు. వెల చెప్పకుండ, ఏది కొత్తదో చెప్పకుండ, ఇంటిలోని పెద్దలను పిల్లలను కూర్చుండబెట్టి అడుగుడు. వారికి భేదము తెలియనిచో ఆ సొమ్ము ఇంటిలో మరియొక అవసరమునకు పనికివచ్చును. తెలిసినచో నిశ్చింతగా కొనుడు.