రొయ్యల చెరువుకు చోటు చూసేటప్పుడు పక్క మడి రైతునూ అడగాలి

(చిలమత్తూరులో జరిగిన రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)



సముద్రం ఎక్కడ, చిలమత్తూరు ఎక్కడ, మనకెందుకీ రొయ్యల గొడవ అని కొందరు అడిగారు. మన పక్కన పారే చిత్రావతి పెన్నలో కలుస్తుంది. పెన్న నెల్లూరు జిల్లా ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. నీళ్లు పారిన ఏడు మాట లెండి! ఆ కొసన ఉన్నదీ మనలాంటి రైతులే. నేల చౌడు పడితే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు.

ఆక్వా వద్దని మేము అనడం లేదు. రొయ్య, పండుగప్ప పెంచుకుని బతికే చిన్న రైతులూ ఉన్నారు. తవ్వే ముందు చోటు చూశారా అన్నదే మా ప్రశ్న.

మొదట మట్టి చూడాలి. బంకమట్టి నీటిని పట్టి ఉంచుతుంది. ఇసుక నేలలో తవ్వితే ఉప్పునీరు గట్టు కిందుగా ఊరి పక్క మడిలోకి, తాగే బావిలోకి పోతుంది. మడ అడవి కొట్టి తవ్విన చోట మట్టిలో గంధకం ఉంటే, గాలి తగలగానే ఆమ్లమై చెరువు నీళ్లనే చెడగొడుతుంది. పైగా తుపానుకున్న అడ్డు పోతుంది. నీరు తీసుకునే కాలువ వేరు, వదిలే కాలువ వేరు ఉండాలి. అందరూ ఒకే పాయలో తోడి మళ్లీ అందులోకే వదిలితే ఒకరి తెగులు ఊరందరికీ అంటుతుంది. 1994లో తెల్లమచ్చ తెగులు కోస్తాలో టైగర్ రొయ్యను ఊడ్చేసిన సంగతి పెద్దవాళ్లకు గుర్తుంటుంది.

గాంధేయవాది జగన్నాథన్ గారు వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న తీర్పు ఇచ్చింది. సాగుభూములను, మడ అడవులను రొయ్యల చెరువులుగా మార్చొద్దంది. పులికాట్ సరస్సుకు 1000 మీటర్ల లోపు ఈ చెరువులు పనికిరావంది. 2005లో పార్లమెంటు చట్టం తెచ్చి ఆ తీర్పు పదును తగ్గించింది. అయినా ఆ చట్టం కింద ఇచ్చిన మార్గదర్శకాలే తాగునీటి వనరుకు 100 మీటర్లు, 500 మంది దాటిన ఊరికి 300 మీటర్లు వదలమన్నాయి. టేపు పట్టి కొలిచేదెవరు?

అసలు బాధ ఇంకొకటి ఉంది. ఒకాయన రెండెకరాలు చెరువుకు కౌలుకిస్తాడు. పక్కాయన మడిలో ఉప్పు ఊరుతుంది, వరి ఎర్రబడుతుంది. రెండేళ్లు ఓర్చుకుని ఆయనా ఇచ్చేస్తాడు. రైతులే ఇష్టపడి మారారని కాగితాల్లో రాస్తారు. నాట్లు, కోతలు పోయిన కూలీల ఊసు అందులో ఉండదు.

అందుకే మేము అడుగుతున్నాం. చెరువులకు పనికొచ్చే చోట్లు సర్వే నంబర్లతో ముందే గుర్తించి, ఆ పటం గ్రామసభలో పెట్టండి. లైసెన్సు ఇచ్చే ముందు చుట్టూ మడులున్న రైతులకు నోటీసు ఇవ్వండి. తవ్వేశాక జరిమానా కట్టించుకుని సరే అనే పద్ధతి ఆపండి.

కోస్తాలో కౌలుకిచ్చే రైతన్నలకు మేము రాసి పంపుతున్నది కూడా ఇక్కడే చదువుతాం. గడువు తీరాక గట్లు చదును చేసేది ఎవరు, చౌడు కడిగి నేలను మళ్లీ వరికి తెచ్చేది ఎవరు, పక్క మడి పోతే నష్టం కట్టేది ఎవరు? ఈ మూడూ కౌలు కాగితంలో రాయించాకే సంతకం పెట్టండి.