గోదావరి ఒడ్డున గులాబి

గులాబి శీతలదేశపు పుష్పమనీ, మన ఎండలకు తాళలేదనీ ఒక అపవాదు ఉన్నది. జాతిని ఎంచుకొనుటలో మనం పడే తొందరపాటు వల్లనే ఆ నింద గులాబికి వచ్చినది.

నేటి నిర్మల్ జిల్లాలోని బాసరనే తీసుకొందాం. నల్లరేగడి నేల, వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండ, ఆపైన వానకాలమంతా గోదావరి మీది తడిగాలి. అంగడిలో కొన్న హైబ్రిడ్ టీ అంటు పుష్యమాసంలో కన్నుల పండువుగా పూచి, శ్రావణం నాటికి ఆకు రాల్చి మోడై నిలుస్తుంది. ఇల్లాలు తన చేతి దోషమనుకొంటుంది. అది నల్లమచ్చ తెగులు. ఆకు ఏడు గంటలసేపు తడిగా ఉన్నచో ఆ బూజు మొలకెత్తును.

1867లో ఫ్రాన్సులో 'లా ఫ్రాన్స్' అనే గులాబి వెలువడినది. అంతకు పూర్వమే ఉన్న తరగతులను పాత గులాబులంటారు. అవి అన్నియు మనకు పనికిరావు. గాలికా, ఆల్బా జాతులకు గట్టి చలి కావలెను. కన్నౌజులో అత్తరుకు పేరుపొందిన డమాస్కు గులాబి సాధారణంగా ఏడాదికొక్క విడత పూచేది. చైనా గులాబులు, టీ గులాబులు మాత్రం వెచ్చదనాన్ని కోరుతవి, విడతలు విడతలుగా పూస్తవి. వానిలో కొన్ని కలకత్తా మీదుగా ఐరోపా చేరినందున ఫ్రెంచివారు బెంగాలు గులాబులన్నారు!

నన్నడిగితే మొదటి పీట ఎడ్వర్డు గులాబికి వేస్తాను. బోర్బన్ ద్వీపం, అనగా నేటి రీయూనియన్, దాని పుట్టిల్లు. అక్కడ కంచెలుగా నాటిన చైనా, డమాస్కు జాతుల కలయిక వల్ల పుట్టినదంటారు. తమిళదేశంలో దీనినే పన్నీరు గులాబి అంటారు. రేకులు త్వరగా రాలుతవి, జడలో సాయంకాలం దాకా నిలువవు. పరిమళానికి మాత్రం లోటు లేదు.

ఐ.ఏ.ఎస్. అధికారిగా పనిచేసి కొడైకెనాలులో స్థిరపడిన ఎం.ఎస్. వీరరాఘవన్ గారు, నీటి ముంపుకు ఓర్చే క్లైనోఫిల్లా అనే మన అడవి గులాబితో సంకరాలు సాధించినారు. అవి కొత్తవే అయినా, దొరికితే విడువరాదు.

రేగడిలో గొయ్యి తీసి నాటితే వానలకు అది నీళ్లతొట్టి అవుతుంది. ఎఱ్ఱమట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపి జానెడెత్తు గట్టు పోసి నాటవలెను. ఉదయపుటెండ తగిలితే ఆకుల మీది తడి త్వరగా ఆరును. నీరు ఉదయమే, వేళ్లకే పోయవలెను. కత్తిరింపు వానలు వెనుకబట్టిన తరువాత. చైనా, టీ జాతులకు మూడవ వంతు మించరాదు.

పొరుగింట ఎడ్వర్డు గులాబి ఉంటే అంటు కొననక్కరలేదు. పెన్సిలు లావు కొమ్మ అడిగి తెచ్చి నాటండి, సులువుగా వేరు పట్టును. సొంత వేళ్ల మీద పెరిగిన మొక్కకు అడుగునుండి లేచే అడవిపిలకల బెడద ఉండదు.