లింకు చివరి తోక

హింస భరించలేక ఇల్లు విడిచి, మారుపేరుతో ఖాతా తెరిచిన స్త్రీ తన చెల్లెలికి ఒక వీడియో లింకు పంపిందనుకుందాం. యూట్యూబ్ లింకు చివర 'ఎస్ఐ', ఇన్‌స్టాగ్రామ్ లింకు చివర 'ఐజీఎస్‌హెచ్' అంటూ అర్థంకాని అక్షరాల తోక ఉంటుంది. పంపినవారినీ తెరిచినవారినీ కంపెనీ జతకలపగల ఆనవాలు అది. ఇద్దరి మధ్య బంధం అలా నమోదు కావచ్చు.

నేనూ చాలాకాలం ఆ తోకతోనే పంపాను. ఇప్పుడు చెరిపి పంపుతున్నాను; వీడియో మామూలుగానే తెరుచుకుంటోంది. అయితే 'వి=' తర్వాతి అక్షరాలు వీడియో గుర్తు, వాటిని ఉంచాలి.

"దాచడానికేముంది?" అనుకోవద్దు; మన ఉత్తరాలు విప్పి చదివిన రోజులూ ఉన్నాయి! గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. ఆ హక్కు తీర్పులో ఉంటే చాలదు, మన చేతి అలవాటులోకీ రావాలి.